కుడివైపు సున్నా ఎందుకు?

ఈమధ్య ఒక మిత్రుడితో కబుర్లు ఎటెటో తిరిగి వర్గ సమీకరణాల దగ్గర ఆగాయి. ఇంజనీరు, లెక్కలంటే భయం లేనివాడు. "కారణాంక పద్ధతిని పాఠాల్లోంచి ఎత్తేయాలి" అన్నాడు ఉన్నట్టుండి. సమీకరణాన్ని రెండు బ్రాకెట్ల లబ్ధంగా విడగొట్టి జవాబులు తీసే పద్ధతి అది. ఏ వర్గ సమీకరణాన్నయినా ఫార్ములా సాధిస్తుంది. అది చేతిలో ఉండగా, కొన్నింటికే పనికొచ్చే పద్ధతిని, అందులోనూ ఊహ మీద నడిచేదాన్ని, పిల్లల చేత రోజుల తరబడి చేయించడం దేనికని అతని ప్రశ్న. "ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కూడా మధ్య పదాన్ని విడగొట్టలేదు. ఎదురైన సమీకరణం ఒక్కటీ అలా విడిపోయేది కాదు. విడిపోయేవన్నీ పాఠ్యపుస్తకంలో పుట్టి పాఠ్యపుస్తకంలోనే పోతాయి."

చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. ఆ నిజాల మీద ఇచ్చిన తీర్పుతోనే నాకు పేచీ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాధన పద్ధతిగా చూస్తే కారణాంక పద్ధతి బలహీనమైనదే. కానీ అందులో విలువైనది ఊహ కాదు, కుడివైపున కూర్చున్న సున్నా. నేర్పేటప్పుడు శ్రమంతా ఊహకి ఖర్చుపెట్టి, సున్నా సంగతిని ఒక్క వరసలో దాటేస్తున్నాం. ఎత్తేయాల్సింది ఆ అలవాటుని.

(తెలియని రాశిని ఇక్కడ 'య' అని రాస్తున్నాను. భాస్కరాచార్యుడు దాన్ని 'యావత్తావత్' అని, పొట్టిగా 'యా' అని రాసేవాడు. ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్న అక్షరం.)

నూటికి పద్నాలుగు

ముందు మిత్రుడి తరఫున నేనే వాదిస్తాను. య² గుణకం 1 అనుకుందాం. మధ్య గుణకం 1 నుంచి 10 దాకా ఏదైనా కావచ్చు, స్థిరపదం కూడా అంతే. అన్నీ ధనాత్మకాలే. ఇలా నూరు సమీకరణాలు తయారవుతాయి. వీటిలో పూర్ణసంఖ్యలతో విడిపోయేవెన్ని? విడిపోవాలంటే మొత్తం మధ్య గుణకమూ లబ్ధం స్థిరపదమూ అయ్యే రెండు సంఖ్యలుండాలి, కాబట్టి కలిపినా గుణించినా 10 దాటని జతలు వెతికితే చాలు. 1తో జతకట్టేవి 1 నుంచి 9 దాకా తొమ్మిది. 2తో 2, 3, 4, 5. 3తో 3 ఒక్కటే. అంతా కలిపి 14.

మిగతా 86లో 38కి వాస్తవ మూలాలే (సమీకరణాన్ని నిజం చేసే మామూలు సంఖ్యలే) లేవు. 48కి ఉన్నాయి, కానీ అన్నీ కరణీయ సంఖ్యలు. వర్గమూలం గుర్తు పెట్టకుండా రాయలేం. హద్దును 10 నుంచి 100కి, 1000కి పెంచుతూ పోతే విడిపోయేవాటి వాటా ఇంకా తగ్గి సున్నా వైపు జారుతుంది. అంటే కాగితం మీద గుడ్డిగా మూడు గుణకాలు రాస్తే, ఈ పద్ధతి దాదాపు ఎప్పుడూ చేతులెత్తేస్తుంది.

అభ్యాసాల్లో మాత్రం అన్నీ విడిపోతాయి. అలా విడిపోయేటట్టే ఏరి ఇస్తారు కాబట్టి. దీనివల్ల పిల్లల మనసులో ఒక నమ్మకం కుదురుకుంటుంది: సమీకరణం అంటే విడిపోవాల్సిందే, విడిపోకపోతే లోపం నాలోనో ప్రశ్నలోనో ఉంది. మా మేనకోడలు ఒకసారి య² + 5య + 3 = 0 పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి వచ్చి "మామయ్యా, ఇందులో అచ్చుతప్పు ఉంది, 3 కాదు 6 ఉండాలి" అంది. అనడంలో ఎక్కడా సందేహం లేదు. లబ్ధం 3 కావాలంటే 1, 3 ఒక్కటే జత, వాటి మొత్తం 4, కాబట్టి ప్రశ్న తప్పు. ఆ తర్కంలో చివరి అడుగు తప్పిస్తే అంతా బాగానే ఉంది.

దీనికి విరుగుడు ఉండనే ఉంది: విచక్షణి. మధ్య గుణకపు వర్గంలోంచి, మొదటి గుణకం, స్థిరపదాల లబ్ధానికి నాలుగు రెట్లు తీసేస్తే వచ్చేది. అది పరిపూర్ణ వర్గమైతే అకరణీయ సంఖ్యలతో (పూర్ణసంఖ్యలు, భిన్నాలతో) విడిపోతుంది, కాకపోతే ఎంత వెతికినా విడిపోదు. య² + 5య + 3కి అది 25 − 12 = 13. ఇక వెతకడం అనవసరం. కానీ ఇక్కడే మిత్రుడు పట్టుకుంటాడు: విడిపోతుందో లేదో తెలుసుకోవడానికి విచక్షణి కట్టావంటే ఫార్ములాలో కష్టమైన సగం ఎలాగూ అయిపోయింది, మిగతా సగం కూడా చేసెయ్యక మళ్లీ వెనక్కెళ్లి జతలు వెతకడం ఎందుకు? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను.

ఊహ కూడా అక్కర్లేదు

ఇంకో అడుగు అతని వైపే వేస్తాను. య² గుణకం 1 కానప్పుడు నేర్పే తంతు చూడండి. 6య² − య − 12 = 0. మొదటి, చివరి గుణకాల్ని గుణించు, −72. లబ్ధం −72, మొత్తం −1 అయ్యే జత వెతుకు, −9, 8. మధ్య పదాన్ని అలా విడగొట్టు: 6య² − 9య + 8య − 12. రెండేసి పదాలుగా కట్టు: 3య(2య − 3) + 4(2య − 3). కాబట్టి (2య − 3)(3య + 4) = 0. మూలాలు 3/2, −4/3.

మొదటిదాన్నీ చివరిదాన్నీ ఎందుకు గుణించాలి? ఈ ప్రశ్న పిల్లలు అడగరు, అడిగినా "పద్ధతి అంతే" అనే జవాబు వస్తుంది. నిజానికి ఇందులో మాయ లేదు. సమీకరణాన్నంతా 6తో గుణించండి. 36య² − 6య − 72 = 0 అవుతుంది. 36య² అంటే (6య)². 6యని 'ర' అనుకుంటే ర² − ర − 72 = 0. గుణకం 1 ఉన్న సులువైన సమీకరణంగా మారిపోయింది, ఆ 72 ఎక్కడినుంచి వచ్చిందో కూడా కనబడుతోంది. ర విలువ 9 లేదా −8, వాటిని 6తో భాగిస్తే య వస్తుంది. ఇలా సమీకరణాన్నంతా ఒక సంఖ్యతో గుణించి వర్గాన్ని మచ్చిక చేసుకోవడం భాస్కరాచార్యుడికి ముందటి గణితవేత్త శ్రీధరాచార్యుడి నియమంలోనూ ఉంది: వర్గపద గుణకానికి నాలుగు రెట్లతో రెండువైపులా గుణించు, మధ్య గుణకపు వర్గాన్ని రెండువైపులా కలుపు, వర్గమూలం తియ్యి. ఆయన బీజగణిత గ్రంథం దొరకలేదు. 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఉటంకించబట్టి ఆ నియమం మిగిలింది.

ఇప్పుడు ఆ 9, −8 జతని వెతకడం మాటేమిటి? అది కూడా ఊహించక్కర్లేదు. రెండు సంఖ్యల మొత్తం 1 అయితే వాటి సగటు 1/2. ఆ రెండూ సగటుకి అటూ ఇటూ సమదూరంలో ఉంటాయి. ఆ దూరాన్ని 'ద' అనుకుంటే లబ్ధం 1/4 − ద². అది −72 కావాలి. కాబట్టి ద² = 289/4, ద = 17/2. జత 9, −8. వెతుకులాట లేదు, అదృష్టం లేదు. మొత్తమూ లబ్ధమూ ఇచ్చి ఆ రెండు సంఖ్యలేవో చెప్పమనే లెక్కలు దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి బాబిలోనియా మట్టిపలకల మీద ఉన్నాయి. ధన సంఖ్యలకే అయినా వాళ్లు పోయిన దారి ఇదే: మొత్తంలో సగం తీసుకో, దాని వర్గంలోంచి లబ్ధం తీసెయ్యి, వర్గమూలం కట్టి ఆ సగానికి ఒకసారి కలుపు, ఒకసారి తీసెయ్యి. 2019లో పో-షెన్ లో అనే గణితాచార్యుడు దీన్నే బోధనకి అనువుగా మళ్లీ ముందుకు తెస్తే చాలా చర్చ జరిగింది.

ఇదంతా చూస్తే మిత్రుడి కేసు ఇంకా గట్టిపడినట్టే. ఊహని తీసేస్తే మిగిలేది ఫార్ములా చేసే పనే, వేరే బట్టల్లో. నేను ఇక్కడిదాకా అతనితో నడిచింది కావాలనే. సాధన పద్ధతిగా దీన్ని వెనకేసుకొచ్చే వాదనలన్నీ (నోటితో చేయొచ్చు, త్వరగా అవుతుంది, పూర్ణసంఖ్యలతో ఆడుకున్నట్టుంటుంది) నాకు బలహీనంగానే తోస్తాయి. అసలు సంగతి వేరే.

జవాబు కరెక్టు, లెక్క తప్పు

ఒకరోజు మేనకోడలు ఈ లెక్క చేసి చూపించింది. (య + 3)(2 − య) = 4. తను చేసిన తీరు: య + 3 = 4, కాబట్టి య = 1. 2 − య = 4, కాబట్టి య = −2. పుస్తకం వెనక జవాబులు చూసింది. 1, −2. రెండూ సరిపోయాయి.

మీరూ సరిచూడండి. య = 1 అయితే 4 × 1 = 4. య = −2 అయితే 1 × 4 = 4. జవాబులు నిజంగా సరైనవే. పద్ధతి మాత్రం శుద్ధ తప్పు.

తప్పని వెంటనే చెప్పలేదు. కుడివైపు 4 తీసి 6 పెట్టి మళ్లీ చేయమన్నాను. అదే ఊపులో 3, −4 అని రాసింది. సరిచూస్తే 6 × (−1) = −6. రెండోది (−1) × 6, అదీ −6. "నాలుగుకి పనిచేసింది, ఆరుకి ఎందుకు చెయ్యదు?" అంది. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు అర్థమైంది, తనకి సున్నా కూడా నాలుగు, ఆరు లాంటి ఇంకో అంకె మాత్రమే. (య − 2)(య − 3) = 0 అని రాసి, "కాబట్టి య − 2 = 0 లేదా య − 3 = 0" అని అన్నాళ్లూ రాస్తున్నది కుడివైపున్న అంకెని రెండు బ్రాకెట్లకీ పంచిపెట్టడంగానే. అక్కడ సున్నా ఉండటం తన దృష్టిలో యాదృచ్ఛికం. వందల లెక్కలు కరెక్టు చేసిన పిల్ల, పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

రెండు సంఖ్యల లబ్ధం 6 అని తెలిస్తే వాటి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. 2, 3 కావచ్చు, 12, 1/2 కావచ్చు, −1, −6 కావచ్చు. ఒకటి చెబితే తప్ప రెండోది తెలియదు. లబ్ధం 4 అన్నా అంతే. పై లెక్కలో ఒక బ్రాకెట్ 4 అయినప్పుడు రెండోది సరిగ్గా 1 అయ్యేట్టు అంకెలు పడ్డాయి, అంతే. ఇది అంత అరుదైన ప్రమాదం కూడా కాదు. ఏ రెండు మూలాలు కావాలన్నా ఈ తప్పుదారి చేరవేసేలా సమీకరణాన్ని సర్దవచ్చు. 2, 3 కావాలా? (య − 1)(4 − య) = 2 అని రాయండి. తప్పుగా చేయండి. 3, 2 వస్తాయి. విప్పి చూస్తే అది మన పాత య² − 5య + 6 = 0.

అలాంటి జవాబుకి మార్కులు వేయాలా అంటే, నేనైతే వేయను. జవాబుల పట్టీతో సరిపోల్చి దిద్దేచోట మాత్రం పూర్తి మార్కులు పడతాయి. ఆ పిల్ల తప్పుని తెలుసుకునే అవకాశం అక్కడితో పోతుంది.

మూడు నాలుగులు సున్నా

సున్నాతో దేన్ని గుణించినా సున్నా. ఇది అందరికీ తెలుసు, 628లో బ్రహ్మగుప్తుడు ధన ఋణ సంఖ్యల నియమాలతో పాటు రాసిపెట్టాడు. కారణాంక పద్ధతికి కావలసింది ఇది కాదు. దీని విపర్యయం: లబ్ధం సున్నా అయితే, గుణించిన వాటిలో ఏదో ఒకటి సున్నా అయి తీరాలి. రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి మొదటిది చెప్పి రెండోది చెప్పినట్టు అనుకుంటాం. రెండోది నిజం కాని చోట్లున్నాయి, అవి చూపిస్తే తప్ప దాని బరువు తెలియదు.

గడియారాన్నే తీసుకోండి. 12 దాటితే మళ్లీ మొదటికి. అంటే అక్కడ 12కీ 0కీ తేడా లేదు. ముల్లుని మూడేసి గంటలు నాలుగుసార్లు తిప్పితే బయల్దేరిన చోటికే వస్తుంది. 3 × 4 = 0. మూడూ సున్నా కాదు, నాలుగూ సున్నా కాదు. మరి ఈ గడియారం మీద (య − 2)(య − 3) = 0కి మూలాలేవి? 2, 3 ఎలాగూ ఉన్నాయి. 6 పెట్టి చూడండి: 4 × 3, అంటే సున్నా. 11 పెట్టండి: 9 × 8 = 72, పన్నెండుకి ఆరు రెట్లు, మళ్లీ సున్నా. ఒక వర్గ సమీకరణానికి నాలుగు మూలాలు! పైగా (య − 6)(య − 11)ని విప్పితే య² − 17య + 66 వస్తుంది. గడియారంలో 17 అంటే 5, 66 అంటే 6. అదే సమీకరణం రెండు వేర్వేరు రకాలుగా విడిపోయింది.

మేనకోడలికి ఇది చూపించేముందు తటపటాయించాను. అసలే ఒక పద్ధతి కుదురుకోని పిల్లకి అది పనిచేయని లోకాన్ని చూపించడం అవసరమా అని. చూపించాక మాత్రం తను అడిగింది: "మరి మామూలు అంకెల్లో ఇలా జరగదని ఎలా తెలుసు?" పాఠం మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దాని జవాబు రెండు వరసల్లో అయిపోతుంది. లబ్ధం సున్నా. మొదటిది సున్నా కాదనుకో, అప్పుడు దానితో రెండువైపులా భాగించొచ్చు, రెండోది సున్నా అని తేలుతుంది. గడియారం మీద ఈ భాగించడమే కుదరదు. 4ని దేనితో గుణించినా 4, 8, 0 తప్ప ఇంకేం రావు, 1 రాదు. కాబట్టి 4తో భాగించడమనేది అక్కడ లేదు. (ఏడు రోజుల వారం లెక్కలో ఈ గొడవ రాదు. 7 ప్రధాన సంఖ్య.)

ఇదే ఇంకో పాత జబ్బుకి కూడా మందు. య² = 5య అని ఇస్తే రెండువైపులా యని కొట్టేసి య = 5 అని ముగించే అలవాటు అందరికీ తెలిసిందే. "సున్నాతో భాగించకూడదు" అని ఎన్నిసార్లు చెప్పినా అది పోదు, ఎందుకంటే అక్కడ రాసింది య కదా, సున్నా కాదు కదా. పై రెండు వరసల నిరూపణని ఒక్కసారి తన చేత్తో రాసిన పిల్లకి "మొదటిది సున్నా కాదనుకో" అనే మాట చెవిలో ఉంటుంది. య సున్నా కాదనుకుంటే 5. సున్నా అయితే? అదీ ఒక మూలమే.

వచ్చిన మూలాన్ని పారేయడం గురించి కూడా ఒక మాట. రెండు మూలాల్లో ఋణాత్మకమైనదాన్ని కళ్లుమూసుకుని కొట్టేసే అలవాటుంది మనకి. వరస పూర్ణసంఖ్యల లబ్ధం 72 అంటే 8, 9 రాసి, −8, −9ని వదిలేస్తారు, ప్రశ్న ధన సంఖ్యలని ఎక్కడా అనకపోయినా. భాస్కరాచార్యుడి కోతుల లెక్క ఇంతకంటే తమాషాగా ఉంటుంది. గుంపులో అయిదో వంతులోంచి మూడు తీసేసి, దాని వర్గమంత కోతులు గుహలోకి పోయాయి, ఒక్కటి మిగిలింది. సమీకరణం సర్దితే య² − 55య + 250 = 0, అంటే (య − 50)(య − 5) = 0. రెండూ ధనాత్మకాలే. అయినా 5ని ఆయన ఒప్పుకోడు, 5లో అయిదో వంతు 1, అందులోంచి మూడు తీసేయలేం కాబట్టి. మూలాన్ని పారేసేముందు ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లి కారణం అడిగాడు. గుర్తు చూసి పారేయలేదు.

అందరికంటే చిన్నది

చరిత్రలోకి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. పాఠాల్లో మొదట నేర్పే ఈ పద్ధతి మిగతా వాటికంటే ఎంతో ఆలస్యంగా పుట్టింది. వర్గాన్ని పూర్తి చేయడం (తగినంత కలిపి ఒకవైపుని పరిపూర్ణ వర్గంగా మార్చడం) తొమ్మిదో శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ దగ్గర బొమ్మలతో సహా ఉంది. ఆయన సమీకరణాల్ని ఆరు రకాలుగా విడగొట్టాడు, ఎందుకంటే ఋణ గుణకాలు ఉండకూడదు, పదాలన్నీ ఒకవైపుకి తెచ్చి రెండోవైపు సున్నా పెట్టడమనే ఆలోచనే లేదు. వర్గమూ పదిమూలాలూ కలిసి 39కి సమానం (మన రాతలో య² + 10య = 39), ఇలా ఉండేది వరస. కుడివైపు సున్నా లేనిచోట కారణాంక పద్ధతికి చోటే లేదు.

ఇంగ్లండు గణితవేత్త థామస్ హారియట్ చనిపోయిన పదేళ్లకి, 1631లో అచ్చయిన అతని పుస్తకంలో, ద్విపదుల్ని (య − 2 లాంటి రెండు పదాల బ్రాకెట్లని) గుణించి సమీకరణాల్ని కట్టడం కనబడుతుంది. 1637లో డెకార్ట్ దాన్ని మరీ తేటగా చెప్పాడు. య = 2 అనుకో, అంటే య − 2 = 0. య = 3 అనుకో, య − 3 = 0. రెంటినీ గుణించు, య² − 5య + 6 = 0. ఇది 2, 3 రెండూ మూలాలుగా ఉన్న సమీకరణం. దాన్ని య − 4 = 0తో గుణించు, య³ − 9య² + 26య − 24 = 0, మూడు మూలాలు. ఆ తర్వాత −5ని కూడా చేర్చాడు, ఋణ మూలం కాబట్టి దాన్ని 'అబద్ధపు మూలం' అంటూనే.

ఇందులో గమనించాల్సింది దిశ. డెకార్ట్ విడగొట్టడంతో మొదలుపెట్టలేదు, కట్టడంతో మొదలుపెట్టాడు. మనం ముందు కట్టిన ఇంటిని చూపించి ఇటుకలెన్నో ఊహించమంటున్నాం. నేను కోరే మార్పు ఇంతే: మొదట మూలాలిచ్చి సమీకరణం తయారుచేయమనాలి. 2, 3 ఇచ్చి. తర్వాత 2, −3 ఇచ్చి. తర్వాత 3/2, −4/3 ఇచ్చి. ఆ తర్వాత రెండూ 5 ఇచ్చి. మధ్య గుణకంలో మూలాల మొత్తం గుర్తు మారి వస్తోందనీ, స్థిరపదంలో లబ్ధం వస్తోందనీ ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. అప్పుడు వెనక్కి విప్పమంటే, ఏం వెతుకుతున్నారో వాళ్లకి తెలిసి వెతుకుతారు. దొరక్కపోతే మూలాలు పూర్ణసంఖ్యలు కావేమో అన్న అనుమానం కూడా సహజంగా వస్తుంది, అచ్చుతప్పు మీదికి పోకుండా.

దీనికి అభ్యంతరాలున్నాయి, నాకే ఉన్నాయి. పాఠానికి ఇచ్చే గంటలు పెరగవు. కట్టడం మీద గడిపిన సమయం విప్పడం మీద తగ్గుతుంది, పరీక్షలో అడిగేది విప్పడమే. మధ్య పదాన్ని విడగొట్టడంలో చేయి తిరగడం వల్ల అంకెలతో చనువు పెరుగుతుందన్నదీ కొట్టిపారేయలేని మాట. 72ని చూడగానే 8, 9 తోచడం మంచిదే. కానీ ఆ చనువుకి వర్గ సమీకరణమే కావాలా, ఎక్కాలు చాలవా అని నా సందేహం. పిల్లలందరికీ నిరూపణ రుచించదు, కొందరికి తంతు చాలు, పని జరిగితే చాలు. వాళ్లకి ఫార్ములా ఇచ్చి వదిలేయడమే నయమన్నప్పుడు నేను గట్టిగా కాదనలేను. అలా వదిలేసినా ఆ రెండు వరసల్ని మాత్రం వదలొద్దంటాను.

ఫార్ములా ఒంటరిగా నెగ్గదు

మిత్రుడి ఇంజనీరింగ్ వైపునుంచే ఒక మాట. య² − 1000య + 1 = 0ని అయిదు అంకెల ఖచ్చితత్వం ఉన్న యంత్రంతో ఫార్ములా వేసి చేయండి. విచక్షణి 999996, అయిదు అంకెలకి కుదిస్తే పది లక్షలు. వర్గమూలం 1000. పెద్ద మూలం 1000 వస్తుంది, బాగానే ఉంది. చిన్న మూలం (1000 − 1000)/2, అంటే సున్నా. నిజానికది 0.001కి రవ్వంత ఎక్కువ. ఉన్న మూలం గల్లంతు. లెక్కలు చేసే ప్రోగ్రాములు రాసేవాళ్లు దీనికి చేసే ఉపాయం: పెద్ద మూలాన్ని ఫార్ములాతో తీసి, చిన్నదాన్ని మూలాల లబ్ధం 1 అన్న సంగతితో తీస్తారు. 1ని 1000తో భాగిస్తే 0.001. మూలాల లబ్ధం స్థిరపదంలో ఉంటుందన్నది ఫార్ములా చూస్తే తట్టదు, బ్రాకెట్లు గుణించి చూసినవాళ్లకి తడుతుంది.

రెండో ఘాతం దాటాక ఫార్ములా మీద అంత భరోసా కూడా ఉండదు. మూడో ఘాతానికి ఫార్ములా 1545లో కార్డానో ప్రకటించాడు. దాన్ని డెకార్ట్ కట్టిన య³ − 9య² + 26య − 24 = 0 మీద ప్రయోగిస్తే, 2, 3, 4 అనే మామూలు అంకెలు రావడానికి ఋణ సంఖ్యల వర్గమూలాలు, వాటి మీద ఘనమూలాలు దాటి రావాలి. బదులుగా 2 పెట్టి చూడండి. 8 − 36 + 52 − 24, సున్నా. కాబట్టి య − 2 ఒక కారణాంకం. దానితో భాగిస్తే మిగిలేది య² − 7య + 12. అయిదో ఘాతానికొస్తే సాధారణ ఫార్ములా ఉండటం అసాధ్యమని 1824లో ఆబెల్ నిరూపించాడు. అయినా య⁵ − య = 0 ఇస్తే ఎవరూ ఆగక్కర్లేదు: యని బయటికి తీస్తే య(య⁴ − 1), ఆపైన య(య − 1)(య + 1)(య² + 1). మూడు మూలాలు చేతికొచ్చాయి. చివరి బ్రాకెట్ కూడా విడిపోవాలంటే సంకీర్ణ సంఖ్యల్లోకి (ఋణ సంఖ్యల వర్గమూలాల్నీ కలుపుకున్న సంఖ్యల్లోకి) వెళ్లాలి. లబ్ధం సున్నా అయితే ఏదో ఒకటి సున్నా అన్న నియమం అక్కడా చెల్లుతుంది.